కింద పెట్టని బ్యాటు

సైలస్ ఫిప్స్ చిన్నతనం గురించి చెప్పమంటే సాంతా బ్రిహిదా చక్కెర మిల్లు కూలీల ఇళ్ళ లైన్లలో నోరు విప్పనివాడు లేడు. పాత మేజోడులో గుడ్డపీలికలు కుక్కి వాడికి మొదటి బంతి చేసిచ్చింది తానేనని చెప్పుకునేవాళ్ళందరికీ మిల్లులో ఉన్న మేజోళ్ళన్నీ పోగేసినా చాలవు. జామకొమ్మ నరికి బ్యాటు చెక్కిచ్చింది తానేనని చెప్పేవాళ్ళు ఇంకో వీధి నిండా ఉన్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. సముద్రం దాటి పెద్ద పెద్ద మైదానాల్లో బేస్‌బాల్ ఆడి, ఫోటోలు పేపర్లకెక్కాక, వాడి చిన్నతనానికి ఎక్కడెక్కడి మేనమామలూ పుట్టుకొచ్చారు.

మేజోడు బంతి అబద్ధం కాదు, జామకొమ్మా అబద్ధం కాదు. కానీ అవి ఆ లైన్లలో ప్రతి పిల్లవాడికీ ఉన్నవే. వాడికుండి మిగతావాళ్ళకు లేనిది ఒక్కటే. అది ఎబెనెజర్ ఫిప్స్ లాంటి తండ్రి. ఆ తండ్రి నేర్పిన విద్య వల్లే వాడి ఆట మొదలు కాకముందే ముగిసిపోబోయింది. ఈ ముక్క మాత్రం ఏ మేనమామా చెప్పడు.

ఎబెనెజర్ కుర్రతనంలో ఇంగ్లీషు మాట్లాడే నీవిస్ దీవి నుంచి ఈ స్పానిష్ నేలకు తెరచాప పడవలో వచ్చాడు. వెంట తెచ్చుకున్నవి మూడే వస్తువులు: బైబిలు, నల్లకోటు, తల్లి పాత లంగాలో చుట్టిన క్రికెట్ బ్యాటు. వచ్చిన కొత్తలో చెరుకు నరికాడు. ఆకుల అంచులకు చేతులు కోసుకుపోయి, బారకాసు అనే కూలీల పాకలో నేలమీద పడుకుని, జ్వరంతో లేచి మళ్ళీ నరికాడు. ఆ రోజుల గురించి ఆయన పెద్దగా మాట్లాడేవాడు కాడు. 'నా కడుపున పుట్టినవాడు కత్తి పట్టుకుని చెరుకులోకి వెళ్ళకూడదు' అని మాత్రం పెళ్ళినాడే భార్య కెజియాతో అన్నాడు. అదే ఆయన జీవితంలో కోరిన ఒకే ఒక్క కోరిక.

చెరుకులోంచి ఆయన్ను బయటికి లాగింది క్రికెట్టే. అప్పటి మిల్లు దొర శనివారం ఆటలో ఈయన కొట్టిన దెబ్బ చూసి, సోమవారానికల్లా మిల్లు వర్క్‌షాపులో ఫిట్టరు పనిలో పెట్టించాడు. ఆటా పనీ రెండూ ఒకేసారి చేతికి రావడంతో ఆయన బుర్రలో రెండింటికీ ఒకే ధర్మం కుదిరింది. పనిముట్టు చేతిలోంచి జారకూడదు. చెరుకు రసం పిండే రోలర్ల మీద నిలబడి బోల్టులు బిగించేవాడు పానా జారవిడిస్తే మిల్లు ఆగిపోతుంది, ఒక్కోసారి కింద ఉన్నవాడి చెయ్యీ పోతుంది. అందుకని ఆయన శిష్యుల్లో ఎవడైనా పానా కింద పెడితే చెవి మెలిపడేది. బ్యాటుకూ అంతే. ఆ విల్లో చెక్క బ్యాటుకు శనివారం శనివారం అవిసెనూనె పట్టించి, పిండి సంచిలో చుట్టి, గుమ్మం పైన కొయ్యలకు ఆనించి పెట్టేవాడు. నేలకు తగలనిచ్చేవాడు కాడు.

సైలస్‌కు నడక రాగానే చేతికి చిన్న బ్యాటు వచ్చింది. "బ్యాటంటే కర్రనుకున్నావా? నీ చెయ్యే కొంచెం పొడుగయింది, అంతే. పరిగెత్తేటప్పుడు చెయ్యి పారేసుకుని పరిగెడతారట్రా ఎవరైనా?" అనేవాడు తండ్రి. సాయంత్రాలు మైదానంలో గీత గీసి, కొట్టించి, పరిగెత్తించేవాడు. "చాపు! నువ్వు రాకపోయినా నీ బ్యాటు గీత దాటితే చాలు. చాపు, ఇంకా చాపు!" పిల్లవాడు నేలకు పడుకున్నట్టుగా వంగి బ్యాటు చాపేవాడు. ఒకసారి, ఏడెనిమిదేళ్ళప్పుడు, కందిరీగ కుట్టి బ్యాటు జారవిడిచాడు. ఎబెనెజర్ కొట్టలేదు, తిట్టలేదు. ఆ బ్యాటు చేతికిచ్చి, రాత్రి తిండి వేళ దాకా గుమ్మంలో నిలబెట్టాడు. కెజియా మొక్కజొన్న సంకటిలో బెండకాయలు కలుపుతూ లోపలి నుంచి సణుగుతూనే ఉంది. అయినా ఆయన బ్యాటు దించనివ్వలేదు.

కాలం మారింది. దొర వెళ్ళిపోయాడు, మిల్లు చేతులు మారింది. కొత్త యజమానులకు బేస్‌బాల్ అంటే ప్రాణం. క్రికెట్ మైదానంలో సగం తవ్వి బంతి విసిరేవాడికి మట్టిదిబ్బ పోశారు, మూడు మూలల్లో సంచులు, నాలుగో మూలలో పలక పాతారు. వర్క్‌షాపులో కొత్తవాళ్ళను తీసుకోవడం మానేశారు, మిల్లు బేస్‌బాల్ జట్టులో ఆడేవాళ్ళను తప్ప. జట్టులో ఉన్నవాడికి మిల్లు మూసేసే చచ్చిన నెలల్లో కూడా పని ఉంటుంది. లేనివాడికి కోత కాలంలో కత్తి, చచ్చిన నెలల్లో చేపల గాలం.

ఎబెనెజర్ మాత్రం మారలేదు. మిగిలిన సగం మైదానంలో పాత స్నేహితుడు నిస్బెట్‌తో కలిసి శనివారాలు పిచ్ ఊడ్చి, ఇనుప రోలరు లాగి, ఎవరూ ఆడని ఆటకు నేల సిద్ధం చేసేవాడు.

"అదీ ఒక ఆటేనా? కొట్టడం, చేతిలోది పారేసి పరిగెత్తడం! దొంగతనం చేసి దొరికిపోయినవాడు అలా పరిగెడతాడు," అనేవాడు అవతలి వైపు చూసి.

"నిజమేనోయ్. కానీ ఆ దొంగలకి ఏడాది పొడుగునా పనుంది. మనకి రోలరుంది," అనేవాడు నిస్బెట్.

సైలస్ చాటుగా ఆడుతూనే ఉన్నాడు. లైన్ల మధ్య సందుల్లో పిల్లలు ఆడేది అటు క్రికెట్టూ కాదు, ఇటు బేస్‌బాలూ కాదు. నాలుగు మూలలు చుట్టి రావాలి, కానీ కర్ర ఒక్కటే. కింద పడేస్తే పక్క సందు వాళ్ళు ఎత్తుకుపోతారు. అందుకని అందరూ కర్రతోనే పరిగెత్తి, కర్రతోనే మూల ముట్టుకునేవాళ్ళు. తప్పని చెప్పేవాడు లేడు. మోకాలి కింద, నేలకు తగిలి లేచే బంతిని వాడు కొట్టినట్టు ఇంకెవరూ కొట్టలేకపోయేవాళ్ళు. అది తండ్రి చేతి చలవ.

వాడికి పదిహేడు నిండిన ఏడాది, కోతకు ముందు, చెరుకు మేస్త్రీ వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. "మిస్టర్, మీవాడు బాగా ఎదిగాడే. వచ్చే కోతకి పేరు చెప్పమంటారా?" అన్నాడు. మేస్త్రీ వెళ్ళాక సైలస్ నేల చూపులు చూస్తూ చెప్పేశాడు: "నాన్నా, శనివారం డాన్ బాల్తసార్ మిల్లు జట్టుకి ఒకణ్ణి ఎంచుతున్నాడు. నేను వెళ్తున్నా."

తండ్రి లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. కెజియా వెనకాలే వెళ్ళింది. మిల్లు గేటు దగ్గర నూనెలో వేయించిన రొట్టెలు అమ్మి ఇల్లు నెట్టుకొచ్చే మనిషి. మాట దాచుకోదు. "ఏమయ్యా ఫిప్స్, నీ పంతం గొప్పదా, పిల్లాడి చేతులు గొప్పవా? ఏదో ఒకటి చెప్పు. రొట్టెలు మాడిపోతున్నాయి."

"నేను వెళ్ళొద్దన్నానా?"

"వెళ్ళమనీ అనలేదుగా."

శనివారం డాన్ బాల్తసార్, అంటే బళ్ళ కాటా దగ్గర చెరుకు తూచే గుమాస్తా, మిల్లు జట్టుకు పెద్ద, కుర్రాళ్ళను రెండు జట్లు చేసి ఆడించాడు. ఎబెనెజర్ కూడా వెళ్ళాడు. ఆట చూడటానికి వచ్చానని ఒప్పుకోవడం ఇష్టం లేక చీపురు భుజాన వేసుకుని, తన సగం ఊడుస్తున్నట్టు నటించాడు. ఊడ్చిన చోటే ఊడ్చాడు.

సైలస్ వంతు వచ్చింది. విసిరిన బంతి మోకాళ్ళ కిందికి దిగింది. వాడు వంగి, కింది నుంచి ఎత్తి కొడితే అది చెరుకు తోట అంచు దాకా పోయింది. జనం లేచి నిలబడ్డారు. వాడు పరుగందుకున్నాడు. మొదటి మూల దాటాడు, రెండోది దాటాడు. అప్పుడు ఎవరో గమనించి అరిచారు: "ఒరేయ్, కర్ర చేతిలోనే ఉందిరోయ్!" ఇంకొకడు, "చంకనెత్తుకో, అలిసిపోతుంది పాపం!" నవ్వులు మొదలయ్యాయి. వాడికి వినబడలేదు. మూడో మూల కూడా దాటి మొదలెట్టిన చోటుకు, ఇల్లు అని పిలిచే పలకవైపు, దూసుకొచ్చాడు. బంతి కూడా తిరిగి వస్తోంది. వాడు తండ్రి నేర్పినట్టే నేలకు పడుకుని, బ్యాటు చాపి, దాని కొసను పలక మీద పెట్టాడు. మనిషి ఇంకా ఇవతలే ఉన్నాడు. బంతి పట్టినవాడు తాపీగా వంగి బంతితో వాడి వీపు మీద తట్టాడు.

అంపైరు అవుటన్నాడు.

"ఎలా అవుట్?" చీపురు పట్టుకునే ఎబెనెజర్ మైదానంలోకి పరిగెత్తాడు. కోపంలో స్పానిష్ మర్చిపోయి తన దీవి ఇంగ్లీషులో కేకలేశాడు. "కళ్ళు కనబడట్లేదా? బ్యాటు లోపలుంది! బ్యాటు ఎప్పుడో లోపలుంది!"

అంపైరుకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "మిస్టర్, ఈ ఆటలో బ్యాటుకి పరుగులివ్వరు. మనిషికిస్తారు."

మైదానమంతా ఒక్కటే నవ్వు. సైలస్ మట్టిలోంచి లేచి తండ్రి చేతిలో చీపురు వంక చూశాడు. ఎబెనెజర్‌కు తల తీసేసినట్టయింది. పిల్లవాడి తప్పు తన తప్పేనని, దాన్ని ఊరంతా వినేలా తానే చాటుకున్నానని ఆ చూపుతో తెలిసింది. ఇంటికి వెళ్ళే దారిలో సైలస్ అన్నదొక్కటే: "ఎందుకొచ్చావు నాన్నా?"

ఎవరి ముందూ టోపీ తీయని మనిషి సోమవారం కాటా దగ్గరికి వెళ్ళి టోపీ తీశాడు. డాన్ బాల్తసార్ రాబోయే కోతకు కాటా సరిచూస్తూనే మాట్లాడాడు.

"మీవాడికి కన్నుంది. కాలుంది. ఆ కింది బంతి కొట్టాడే, అలా కొట్టేవాడు నా జట్టులో లేడు. కానీ ఆ చెయ్యి మీది, మిస్టర్. ఆ చెయ్యి నాకొద్దు."

"మాన్పిస్తాను."

"పదిహేడేళ్ళు పోసి పెంచిన అలవాటు! ఎన్నాళ్ళలో మాన్పిస్తారు? ఆదివారం పక్క మిల్లుతో ఆటుంది. ఒక్కసారి కొట్టనిస్తాను. బ్యాటుతో మొదటి మూల దాటాడంటే, ఆగకుండా అలాగే చెరుకులోకి పరిగెత్తమనండి. మేస్త్రీ అక్కడే ఉంటాడు."

ఆ వారం రోజూ సాయంత్రం పని వదిలే కూత కూయగానే తండ్రీ కొడుకులు మైదానంలో ఉండేవాళ్ళు. నిస్బెట్ బంతి విసిరేవాడు. సైలస్ కొట్టేవాడు, పరిగెత్తేవాడు. బ్యాటు చేతిలోనే ఉండేది. "వదులు!" అని అరిచేవాడు ఎబెనెజర్. అప్పటికి వాడు మొదటి మూల దాటిపోయేవాడు. మళ్ళీ కొట్టు, మళ్ళీ పరిగెత్తు. మళ్ళీ అంతే. కెజియా పంది కొవ్వు తెచ్చి పిడికి పూసింది. జారుతుందేమోనన్న భయంతో వాడు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా? పైగా నువ్వు వంచిన మొక్కాయె. బాగానే వంచావు, ఎటొచ్చీ అటువైపు వంచావు," అన్నాడు నిస్బెట్ భుజం రుద్దుకుంటూ.

"నోర్ముయ్యవోయ్. విసురు."

శనివారం సాయంత్రానికి ముగ్గురూ అలిసిపోయారు. చివరి దెబ్బప్పుడు ఎబెనెజర్ అరవడం మానేసి ఊరికే కొడుకు మొహం చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు కనబడింది. బంతి తగలగానే వాడి కళ్ళు బంతి వైపు పోలేదు, మూల వైపూ పోలేదు. రెప్పపాటు సేపు తండ్రి మొహం మీదికి వచ్చి, ఆ తర్వాత వాడు పరిగెత్తాడు. వేళ్ళు సగం విచ్చుకుని, ఆ చూపుతో మళ్ళీ మూసుకున్నాయి. అలవాటు చేతిలో లేదు. గుమ్మంలో బ్యాటు పట్టుకుని నిలబడ్డ పిల్లవాడు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు, దించమని ఎవరూ చెప్పలేదు. నోటితో 'వదులు' అంటున్న మనిషి మొహం మాత్రం, తనకు తెలియకుండానే, 'వదిలితే చూడు' అంటోంది.

"ఉండండి," అని చెప్పి ఎబెనెజర్ ఇంటికి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు పిండి సంచి చేతిలో ఉంది. నిస్బెట్ ముందు నమ్మలేదు. "అది తీశావేమిటోయ్?"

"విసురు."

"నీ మోకాలి నొప్పి…"

"మోకాలు నాది. నువ్వు విసురు."

సైలస్‌ను పక్కన నిలబెట్టి, నీవిస్ నుంచి వచ్చిన ఆ విల్లో బ్యాటుతో ఎబెనెజర్ నిలబడ్డాడు. నిస్బెట్ మెల్లగా విసిరాడు. ముసలాడి దెబ్బ ఇంకా దెబ్బే. బంతి ఎగిరింది. ఆయన బ్యాటును విసిరేశాడు. ఎక్కడ పడుతుందో చూడకుండా, కుంటుకుంటూ మొదటి మూల దాకా పరిగెత్తాడు. వెనక టప్పుమని శబ్దమైంది. బ్యాటు పోయి ఇనుప రోలరు అంచుకు తగిలింది. పిడి కింది నుంచి సగం దాకా చీలిపోయింది.

సైలస్ ఆ చీలిన బ్యాటు వైపు ఒక అడుగు వేశాడు.

"ముట్టుకోకు," అన్నాడు ఎబెనెజర్ మూల దగ్గర మోకాలు పట్టుకుని రొప్పుతూ. "అక్కడే పడి ఉండనీ. చూశావుగా. పారేశాను. ఆకాశం కూలిపోయిందా? ఇంక నువ్వు దేని కోసం పట్టుకుంటావురా?" జామకొమ్మ బ్యాటు వైపు వేలు చూపాడు. "కొట్టు. కొట్టి పరిగెత్తు. నా వైపు చూడకు."

సైలస్ జామకొమ్మ బ్యాటు తీసుకున్నాడు. నిస్బెట్ విసిరాడు. వాడు కొట్టాడు. తండ్రి వెనక్కి తిరిగి చెరుకు తోట వైపు చూస్తూ నిలబడ్డాడు. ఏదో నేలమీద పడ్డ చప్పుడు, దాని వెంట ఖాళీ చేతులతో పరిగెత్తేవాడి అడుగుల చప్పుడు వినబడ్డాయి. కెజియా అన్నం వేళయిందని పిలవడానికి వచ్చి, రోలరు దగ్గర పడి ఉన్నది చూసి, పిలవకుండానే కూర్చుంది.

మర్నాడు ఆదివారం. ప్రభువు దినాన ఆటలు చూడటం పాపమని ఆ లైన్లలో అందరికంటే గట్టిగా చెప్పిన మనిషి, ప్రార్థన కాగానే నల్లకోటుతోనే మైదానానికి వచ్చి కూర్చున్నాడు.

"పాదిరిగారు చూస్తే?" అన్నాడు నిస్బెట్.

"ఆయన అదుగో, మూడో వరసలో ఉన్నాడు."

పక్క మిల్లు ఒక్క పరుగు ముందుంది. డాన్ బాల్తసార్ మాట తప్పలేదు, చివర్లో సైలస్‌ను పిలిచాడు. చెరుకు మేస్త్రీ కూడా అక్కడే కంచెకు ఆనుకుని ఉన్నాడు. మొదటి బంతి పైకి పోయింది. వాడు కదల్లేదు. రెండోది మోకాళ్ళ కిందికి దిగింది. ఎబెనెజర్ చటుక్కున తల తిప్పేసుకుని తన చెప్పుల వైపు చూడసాగాడు, పొరపాటున కూడా కొడుకు చూపుకు దొరకకూడదని. దెబ్బ వినబడింది. ఊరంతా ఒక్కసారి లేచిన చప్పుడు వినబడింది. ఆ గోలలో, ఆయన ఒక్కడికే, చెక్క నేలకు తగిలిన చిన్న చప్పుడు కూడా వినబడింది.

అంతకుముందే కొట్టి మూల మీద ఎదురుచూస్తున్న జట్టువాడు ఇల్లు చేరాడు, లెక్క సరిసమానమైంది. సైలస్ మూడో మూల దాటాడు. బంతి వస్తోంది. వాడు నేలకు పడుకుని, శరీరమంతా చాపి, వేళ్ళ కొసలతో పలకను అందుకున్నాడు. అదే చాపు, ఆ సాయంత్రాల చాపే. ఈసారి చేతిలో బ్యాటు లేదు. అంపైరు అవుట్ కాదన్నట్టు రెండు చేతులూ పక్కలకు చాచాడు. గెలిచిన మిల్లు లైన్లు మైదానంలోకి విరగబడ్డాయి. డాన్ బాల్తసార్ తన టోపీ తీసి సైలస్ నెత్తిన పెట్టి, "రేపు వర్క్‌షాపుకి రా, పొద్దున్నే," అని అరిచాడు. మేస్త్రీ కంచె దగ్గర్నుంచి కదిలి వెళ్ళిపోయాడు.

జనం భుజాల మీదికి ఎక్కిన సైలస్ తండ్రి కోసం అటూ ఇటూ చూశాడు. కూర్చున్న చోట లేడు. అందరూ వాడి చుట్టూ మూగి ఉంటే, ఎబెనెజర్ ఒక్కడూ మోకాలు పట్టుకుని మట్టిలో వంగి ఉన్నాడు. కిందపడ్డ బ్యాటును తీసి, నల్లకోటు చేతి అంచుతో దానికంటిన దుమ్ము తుడుస్తున్నాడు.